వారానికి పన్నెండు సిట్టింగులు

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష గ్రూప్-2కి చదువుతున్న మా మేనల్లుడి గది గోడ మీద ఉన్నది నాలుగో టైమ్‌టేబుల్. చార్టు పేపరు మీద స్కేలుతో గళ్లు గీసి, మూడు రంగుల స్కెచ్ పెన్నులతో రాశాడు. పొద్దున నాలుగున్నరకు లేవడం. ఐదు నుంచి ఏడున్నర దాకా పాలిటీ. అరగంటలో స్నానం, టిఫిన్. ఎనిమిది నుంచి పదిన్నర దాకా ఎకానమీ. అలా గడి తర్వాత గడి దిగుతూ పోతే అట్టడుగున పదకొండుకి "పడక" అని ఎర్ర రంగులో ఉంటుంది. అన్నీ కూడితే పదమూడున్నర గంటల చదువు.

సోమవారం గీత దాటకుండా చదివాడు. మంగళవారం సాయంత్రం దాకా లాక్కొచ్చాడు. బుధవారం మా బావ ఏదో పని మీద సూర్యాపేట నుంచి దిగి, వాణ్ణి వెంటబెట్టుకుని కోఠీ వెళ్లాడు. గురువారం కళ్లు తెరిచేసరికి ఆరున్నర. నాలుగున్నరకు మొదలవ్వాల్సిన టైమ్‌టేబుల్‌లో ఆరున్నరకు లేచినవాడు ఎక్కడ ఎక్కాలి? ఆ రోజూ పోయింది. శుక్రవారం "ఎలాగూ వారం పాడైంది, సోమవారం నుంచి ఫ్రెష్‌గా మొదలుపెడతా" అనుకున్నాడట. ఇదంతా రాత్రి అన్నం తింటూ వాడే చెప్పాడు. చివర్లో పెరుగన్నం కలుపుకుంటూ, "నాకు విల్‌పవర్ లేదు మామా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. వాడి మీద కాదు, ఆ చార్టు మీద. పదిహేడేళ్ల కిందట, హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ అశోక్‌నగర్‌లో నా గది గోడ మీద కూడా అచ్చం అలాంటిదే ఉండేది.

ముందే చెప్పేస్తున్నా, నేను టాపర్ని కాను. ఉమ్మడి రాష్ట్రంలో గ్రూప్-2 కోసం రెండేళ్లు చదివి, రాసి, ఉద్యోగం రాక, తర్వాత బ్యాంకు పరీక్ష రాసి 2012లో క్లర్కుగా చేరినవాణ్ణి. పెళ్లయి, పాప పుట్టి, రోజుకో గంట దొరకడమే గగనమైన రోజుల్లో, బ్యాంకు ఉద్యోగులు రాసే జేఏఐఐబీ పరీక్ష పాసయ్యాను, ఆ తర్వాత సీఏఐఐబీ కూడా. పొద్దస్తమానం చదివినప్పుడు రానిది, వారానికి ఐదారు పూటలు కూర్చుంటే ఎలా వచ్చింది? ఆ పరీక్షలు తేలిక అనొచ్చు. నిజమే, గ్రూప్స్‌తో వాటికి పోలిక లేదు. కానీ ఆ రెండేళ్లలో నేను చదివిన పద్ధతి ఎంత బోలుగా ఉందో ఈ పరీక్షలకు చదువుతున్నప్పుడే తెలిసింది.

అప్పట్లో మా అడ్డా చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం. ఇప్పుడు కూడా పొద్దున్నే అటు వెళ్లి చూడండి, పెద్దగా మారిందేమీ లేదు. కుర్చీ మీద పుస్తకం పెట్టి సీటు ఆపుకునేవాళ్లు, లోపల చోటు దొరక్క చెట్ల కింద కూర్చునేవాళ్లు, చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని కటాఫ్ ఎంత ఉండొచ్చని వాదించుకునేవాళ్లు. నేను పొద్దున ఎనిమిదికి వెళ్లి రాత్రి ఎనిమిదికి బయటికొచ్చేవాణ్ణి. వచ్చాక ఇంటికి ఫోన్ చేసి "పన్నెండు గంటలు చదివానమ్మా" అని చెప్పేవాణ్ణి. అది అబద్ధమని నాకే తెలియదు.

నా పక్క సీట్లో ఒకాయన కూర్చునేవాడు. అప్పటికే రెండు నోటిఫికేషన్లు చూసిన సీనియర్. ఆయన పుస్తకాల అంచుల్లో ఎక్కడ చూసినా పెన్సిల్ చుక్కలే. ఒకరోజు "ఏందన్నా ఈ చుక్కలు?" అని అడిగాను. "దొంగ లెక్క తమ్మీ. మనసు పుస్తకంలోంచి బయటికి ఉరికినప్పుడల్లా ఒకటి పెడతా" అన్నాడు. సరదాగా నేనూ మొదలుపెట్టాను. ప్రాథమిక హక్కుల్లో పందొమ్మిదో అధికరణం ఉన్న పేజీ అది. ఆ ఒక్క పేజీ పూర్తయ్యేసరికి అంచున పదకొండు చుక్కలు. ఒకటి ఫ్యాన్ చప్పుడుకి. ఒకటి, రూమ్మేట్‌ని పొద్దున అన్న మాటకి వాడు నొచ్చుకున్నాడేమో అని. మూడు, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో అని. ఇంకొకటి, ఎన్ని చుక్కలు పెట్టానో లెక్కపెట్టుకోవడానికి.

మర్నాడు వాచీ విప్పి బల్ల మీద పెట్టుకుని రోజంతా లెక్క రాశాను. నిజంగా చదివిన నిమిషాలే రాయాలని నియమం. రాత్రి బ్యాగు సర్దుకునేటప్పుడు కూడితే మూడు గంటల నలభై నిమిషాలు తేలింది. అదీ ఒక్క చోట కాదు, పావుగంట ఇక్కడ, ఇరవై నిమిషాలు అక్కడ. మిగిలిన ఎనిమిది గంటల పైచిలుకు నేను కేవలం లైబ్రరీలో ఉన్నాను.

అప్పుడైనా బుద్ధి రావాలి. రాలేదు. గంటలు తక్కువయ్యాయేమో అనుకుని పన్నెండుని పద్నాలుగు చేశాను.

ఈ గంటల పిచ్చి మనకు ఇంటర్ నుంచే అంటుకుంటుంది. హాస్టల్ కాలేజీల్లో తెల్లవారుజామున మొదలయ్యే స్టడీ అవర్స్ రాత్రి నిద్ర ముంచుకొచ్చే దాకా సాగుతాయి. పిల్లవాడు కుర్చీలో ఉన్నాడా లేదా అన్నదే వార్డెన్ చూసేది. తల ఎక్కడుందో ఆయనకెలా తెలుస్తుంది? మా పాప ఇంటర్ ఫస్టియర్, ఇంటి నుంచే వెళ్లొస్తుంది. దాని ఫ్రెండ్ ఒకమ్మాయి హాస్టల్లో ఉంటుంది. కళ్లు తెరుచుకుని నిద్రపోవడం ఎలాగో ఆ అమ్మాయి ఔటింగ్‌కి వచ్చినప్పుడు దీనికి నేర్పింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. యూట్యూబ్‌లో విజేతల ఇంటర్వ్యూల్లో కూడా మొదటి ప్రశ్న అదే: "రోజుకి ఎన్ని గంటలు చదివేవారు?" ఆయనేదో అంకె చెప్తాడు, అది వేలమంది గోడల మీదకి ఎక్కుతుంది.

నా వాదన ఒక్కటే. చదువుకి రోజుని కొలతగా పెట్టుకోకూడదు, వారాన్ని పెట్టుకోవాలి. రోజు మరీ చిన్నది. ఒక చుట్టం వచ్చినా, ఒక జ్వరం తగిలినా మొత్తం పోతుంది. నెల మరీ పెద్దది. ఇరవయ్యో తారీఖు దాకా "ఇంకా టైముంది" అనిపిస్తూనే ఉంటుంది. వారంలో మాత్రం ఒకటి రెండు రోజులు పోయినా సర్దుకోవడానికి చోటుంటుంది. అలాగని రేపు, ఎల్లుండి అంటూ తప్పించుకునేంత చోటూ ఉండదు.

ఈ సంగతి నేను నేర్చుకున్నది మా అమ్మ దగ్గర. ఆమెకు చదువు రాదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. ఇంట్లో పెళ్లి ఉన్నా, పొలంలో నాట్లు పడుతున్నా తప్పింది లేదు. అదే ఆమెను "రోజూ ఒక్కపూటే తిను" అంటే నాలుగో రోజుకి వదిలేసేది. ఎవరైనా వదిలేస్తారు. శనివారం అన్నాక ఇంకో సుఖం ఉంది, అది ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రాత్రి ఆమె కోసం బియ్యం పొయ్యరు. మా మేనత్త లాంటి మొండి మనిషి కూడా శనివారం నాడు మా ఇంటికొచ్చి కోడి కోద్దామనేది కాదు. ఒక్కపొద్దు ఆమెదే అయినా, నిలబెట్టేది ఇంటిల్లిపాదీ.

అసలు మన బతుకులు మొదట్నించీ వారాల మీదే నడుస్తున్నాయి కదా. ఊళ్లో అంగడి ఏ వారమో ఊరందరికీ తెలుసు. పట్నం వచ్చినా అంతే. గురువారం సాయిబాబా గుడి, ఆదివారం మటన్, ఆదివారమే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు. సోమవారానికీ ఆదివారానికీ పోలికే లేని ఊళ్లో ఉంటూ ఏడు రోజులకీ ఒకటే చార్టు గీస్తే అది గోడకి అందం తప్ప ఎందుకు పనికొస్తుంది?

సరే, మేనల్లుడి దగ్గరికి వద్దాం. ఆ రాత్రే చార్టు చింపేద్దామన్నాను. వాడికి మనసొప్పలేదు, చుట్టి అల్మారా మీద పెట్టాడు. రఫ్ నోట్‌బుక్కులో ఒక పేజీ తీసి మొదట వారంలో ఇంట్లో ఎప్పుడెప్పుడు గోల ఉంటుందో రాశాం. ఇది ఎవరూ చెయ్యరు, అందరూ ఖాళీ గంటలే వెతుకుతారు. మాది రాంనగర్. మా వీధికి నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఆ పూట మోటార్ల మోత, బిందెల చప్పుడు, పైవాళ్లతో పేచీ, అన్నీ ఉంటాయి. ఆదివారం పొద్దున చేపల మార్కెట్‌కి వచ్చే బండ్లతో సందు నిండిపోతుంది. మృగశిర కార్తె నాడైతే చెప్పనక్కర్లేదు, మన వీధిలో మనమే నడవలేం. ముహూర్తాల రోజుల్లో రాత్రి ఎనిమిది దాటితే బరాత్, దాని వెనక డీజే. ఆషాఢంలో బోనాలు, భాద్రపదంలో వినాయకుడు. వాటితో కొట్లాడి గెలిచే చదువు ఉండదు. ఆ గంటలు వాటికే వదిలేశాం.

మిగిలిన వాటిలోంచి పన్నెండు పూటలు తీశాం. ఒక్కో పూటకి "సిట్టింగ్" అని పేరు పెట్టాడు వాడు. మా ఆవిడ వంటింట్లోంచి ఉలిక్కిపడి చూసింది. మా బ్యాంకులో సిట్టింగ్ అంటే గ్లాసులు, మిర్చి బజ్జీలు ఉండే వ్యవహారం మరి. ఇది ఆ సిట్టింగ్ కాదని చెప్పుకోవాల్సి వచ్చింది.

వాడికి సోమవారం నుంచి శుక్రవారం దాకా పది నుంచి ఒంటిగంట వరకు అశోక్‌నగర్‌లో కోచింగ్ క్లాసు. అందుకని ఆ ఐదు రోజులూ పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా ఒకటి. వాటిలో నాలుగు రోజులు సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర దాకా ఇంకొకటి. శనివారం పొద్దున రెండు. ఆదివారం ఒక్కటే, కానీ పెద్దది. పదింటికి మొదలై పన్నెండున్నరకి ముగుస్తుంది. గ్రూప్-2లో ఒక్కో పేపరు నూట యాభై ప్రశ్నలు, రెండున్నర గంటలు. అలాంటి పేపర్లు నాలుగు, రోజుకి రెండు. రెండున్నర గంటలు లేవకుండా కూర్చోవడం నడుముకీ కంటికీ ముందే అలవాటు కావాలి కాబట్టి ఆదివారం పాత పేపరో మోడల్ పేపరో మొత్తం రాస్తాడు.

కూడితే పందొమ్మిది గంటలు. వాడి మొహం వాడిపోయింది. "వారానికా?" అన్నాడు. పాత చార్టులో అది రోజున్నర చదువు మరి. నిజంగా పందొమ్మిది గంటలు ఎప్పుడైనా చదివావా అని అడిగితే జవాబు చెప్పలేదు.

సిట్టింగ్‌కి నియమాలు పెద్దగా లేవు. కూర్చునే ముందు కాగితం మీద ఒక ప్రశ్న రాసుకోవాలి. "పాలిటీ చదవాలి" అని రాస్తే కుదరదు, అది ప్రశ్న కాదు. "రాష్ట్రపతి పాలన ఎప్పుడెప్పుడు పెట్టొచ్చు? 1994 బొమ్మై కేసులో సుప్రీంకోర్టు దానికి ఏం కళ్లెం వేసింది?" అని రాస్తే, గంటన్నర తర్వాత దానికి జవాబు వచ్చిందో లేదో తెలుస్తుంది. మధ్యలో ఏదైనా పని గుర్తొస్తే పక్క కాగితం మీద రాసి వదిలేయాలి. గ్యాస్ బుక్ చెయ్యాలి, ఫలానా వాడికి డబ్బులివ్వాలి, అన్నీ అక్కడికే. నా సీనియర్ పెట్టిన చుక్కలకి ఇది తమ్ముడు. చివరి పది నిమిషాలు పుస్తకం మూసి, గుర్తున్నది రాయాలి.

ఇటలీవాడు ఒకాయన, ఫ్రాన్సెస్కో సిరిల్లో, 1980ల చివర్లో టమాటా ఆకారంలో ఉండే వంటింటి టైమర్ పెట్టుకుని ఇరవై ఐదు నిమిషాల పద్ధతి ఒకటి కనిపెట్టాడు. మొబైల్ యాప్‌లన్నీ ఇప్పుడు అదే అమ్ముతున్నాయి. బద్ధకంగా ఉన్న రోజు మొదలుపెట్టడానికి మంచిదే. ఎకానమీ చదివేటప్పుడు మాత్రం, ద్రవ్యలోటుకీ రెవెన్యూ లోటుకీ తేడా అప్పుడప్పుడే బుర్రకెక్కుతున్న సమయానికి గంట కొడుతుంది. నాకు పడలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది లెక్క మూసే పద్ధతి. పన్నెండుకి తొమ్మిది వస్తే వారం పాసైనట్టే. తప్పిన సిట్టింగ్‌ని అదే వారంలో శనివారం మధ్యాహ్నానికి జరుపుకోవచ్చు, అందుకే ఆ పూట ఖాళీగా వదిలేశాం. కానీ ఏ అప్పునీ వచ్చే వారానికి మోయకూడదు. మా బ్యాంకులో రోజూ సాయంత్రం క్యాష్ టాలీ చేసి మూసేస్తాం కదా, అలాగే ఆదివారం రాత్రితో ఖాతా మూసెయ్యాలి. సోమవారం మళ్లీ సున్నా నుంచి. పాత చార్టు వాణ్ణి చంపింది ఇక్కడే. గురువారం తప్పిన పాలిటీ శుక్రవారం నెత్తిన, శుక్రవారానిది శనివారం నెత్తిన, ఆదివారానికి అప్పు కొండంత. కొండని చూసి ఎవడైనా దుప్పటి కప్పుకుంటాడు.

పందొమ్మిది గంటలతో గ్రూప్స్ వస్తుందా అని మీరు అడుగుతారు. చివరి మూడు నెలలకు సరిపోదు. అప్పుడు పదహారు సిట్టింగులో, పద్దెనిమిదో కావాలి. మూడు వారాలు వరసగా తొమ్మిది దాటితేనే ఒకటి పెంచడం అని మేం పెట్టుకున్నాం. క్లాసు నోట్స్ తిరగరాసుకోవడం, పేపర్ చదవడం, బిట్లు చెయ్యడం, ఇవన్నీ వాడు మిగతా టైములో చేసుకుంటూనే ఉంటాడు. వాటిని లెక్కలోకి తీసుకోం, అంతే.

మొదటి వారం పన్నెండుకి నాలుగు వచ్చాయి.

తప్పు ఎక్కువగా మాదే. పొద్దున ఏడింటికి వాడు గదిలో కూర్చుని ఉంటాడు. "ఖాళీగానే ఉన్నావు కదరా, పాల ప్యాకెట్ పట్టుకురాపో" అంటుంది మా ఆవిడ. పుస్తకం ముందు కూర్చున్నవాడు మన ఇళ్లలో ఖాళీగా ఉన్నట్టే లెక్క. నేను మాత్రం తక్కువ తిన్నానా? సాయంత్రం ఆఫీసు నుంచి తొందరగా వచ్చిన రోజు, తలుపు తీసి "ఎలా నడుస్తోంది?" అని అడిగాను. ప్రోత్సాహం అనుకున్నాను. వాడు తల తిప్పాడు, జవాబు చెప్పాడు, మళ్లీ పేజీ మొదటికి వెళ్లాడు. నేను వెళ్లాక కూడా పది నిమిషాలు ఆ ప్రశ్నే తిరిగిందట బుర్రలో.

అప్పుడు మా పాప ఎర్ర తువ్వాలు తెచ్చి ఆ గది తలుపు గడియకి వేలాడదీసింది. "తువ్వాలు ఉంటే అన్నయ్య లేనట్టే. ఊరెళ్లాడనుకోండి" అని తీర్పు చెప్పింది. బావ అని పిలవాల్సినవాణ్ణి చిన్నప్పట్నుంచీ అన్నయ్య అంటుంది, ఎంత చెప్పినా వినదు. ఇప్పుడు మా ఇంట్లో ఆ తువ్వాలుకి శనివారం ఒక్కపొద్దుకున్నంత మర్యాద ఉంది. కొరియర్ వాడొచ్చినా, సూర్యాపేట నుంచి అక్క ఫోన్ చేసినా, "తువ్వాలు ఉంది, ఎనిమిదికి చెయ్యి" అనే సమాధానం. అక్కకి మొదట కోపం వచ్చింది.

ఇక ఫోన్ గొడవ. వాడి వాదనలో న్యాయం ఉంది. పీడీఎఫ్‌లు ఫోన్‌లోనే, టెలిగ్రామ్ గ్రూపులు ఫోన్‌లోనే, క్లాసు వీడియోలూ అక్కడే. ఫోన్ తీసెయ్యమంటే పుస్తకం తీసెయ్యమన్నట్టే ఉంటుంది. టెక్సస్ యూనివర్సిటీ వాళ్లు 2017లో ఒక ప్రయోగం ప్రకటించారు. ఫోన్ ఆపేసి పక్కన ఉంచుకున్నా సరే, ఫోన్ వేరే గదిలో వదిలి వచ్చినవాళ్లే పరీక్షలో మెరుగ్గా చేశారని. ఆ తర్వాత అదే ప్రయోగం చేసిన వేరేవాళ్లకు అంత తేడా కనబడలేదు కూడా. నాకైతే ఏ ప్రయోగమూ అక్కర్లేదు. కౌంటర్లో కూర్చుని నోట్లు లెక్కపెడుతుంటే జేబులో ఫోన్ ఒక్కసారి వణికినా మళ్లీ మొదట్నించి లెక్కపెట్టుకోవాలి.

కాబట్టి బుధవారం, శుక్రవారం క్లాసు అయ్యాక ఆ వారానికి కావాల్సినవి అశోక్‌నగర్ జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుంటాడు. అక్కడ సందుకో షాపు, అడిగేలోపే స్పైరల్ బైండింగ్ చేసి చేతిలో పెడతారు. డబ్బు ఖర్చే, కాదనను. సిట్టింగ్ నడిచేటప్పుడు ఫోన్ మా పూజ గదిలో ఉంటుంది. వినాయకుడి పటం వెనక. అక్కడి నుంచి తీసుకోవాలంటే మా ఆవిడని దాటుకుని వెళ్లాలి.

వారం అనే కొలతకి ఇంకో బలం ఉంది, జ్ఞాపకశక్తి వైపు నుంచి. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థంపర్థం లేని అక్షరాల గుంపులు బట్టీపట్టి, ఎప్పుడెప్పుడు ఎంత మరిచిపోతున్నానా అని తన మీదే ప్రయోగం చేసుకుని 1885లో పుస్తకం రాశాడు. మరపు మొదటి రోజే దబ్బున పడిపోతుంది, తర్వాత మెల్లగా జారుతుంది. మన దగ్గర రివిజన్ అంటే పరీక్ష ముందు నెల అనుకుంటాం. అప్పటికి జారాల్సింది ఎప్పుడో జారిపోయి ఉంటుంది.

ఇంతకన్నా నన్ను కదిలించింది 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు చేసిన పరిశోధన. విద్యార్థుల్లో కొందరు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. ఇంకొందరు చదివి, మూసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తలకిందులైంది, మూసి రాసినవాళ్లే బాగా చెప్పగలిగారు. ఈ ఐదు నిమిషాలే మనల్ని మోసం చేసేది. రాత్రి పదకొండుకి పుస్తకం మూస్తుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. హైలైటర్‌తో పసుపు పూసిన పేజీ చూస్తే మరీను. అది వచ్చిందో లేదో వారం ఆగి అడిగితేనే తెలుస్తుంది. అందుకే మావాడు సోమవారం పొద్దుటి సిట్టింగ్‌లో మొదటి పావుగంట కొత్తది ముట్టడు. పోయిన వారం రాసుకున్న ప్రశ్నల కాగితం తీసి, పుస్తకం చూడకుండా జవాబులు రాస్తాడు. మొదటిసారి నాలుగు ప్రశ్నలకు రెండింటికే పూర్తిగా రాయగలిగాడు. ఆ రోజు టిఫిన్ సరిగ్గా తినలేదు.

రోజుల లెక్క ఎందుకు దండగో గ్రూప్-2 రాసినవాళ్లని అడగండి. 783 పోస్టులకు 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు 29, 30 అన్నారు. తర్వాత నవంబర్ 2, 3 అన్నారు. ఆ తర్వాత 2024 జనవరి 6, 7. ఆ తర్వాత ఆగస్టు 7, 8. చివరికి జరిగింది డిసెంబర్ 15, 16న. గ్రూప్-1 వాళ్లది ఇంకో కథ. 2022 అక్టోబర్ 16న రాసిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది, 2023 జూన్ 11న మళ్లీ రాస్తే అదీ హైకోర్టులో కొట్టుడుపోయింది. కొత్త నోటిఫికేషన్ తర్వాత 2024 జూన్ 9న మూడోసారి రాశారు.

మావాడు ఆ డిసెంబర్ పరీక్ష రాసినవాడే, రాలేదు. హాస్టల్లో ఉండగా "వంద రోజుల ప్లాన్" మూడుసార్లు గీశాడట. డెబ్బయ్యో రోజున వాయిదా వార్త వస్తుంది. ఆ రాత్రి గదిలో పండగ, ఊపిరి పీల్చుకుంటారు. తెల్లారి నుంచి పుస్తకం ముట్టుకోబుద్ధి కాదు. పరీక్ష తారీఖు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ కట్టిన ప్లాన్, తారీఖు జరిగిన రోజే కూలిపోతుంది. వారం ప్లాన్‌కి తారీఖుతో పని లేదు. వాయిదా పడినా మర్నాడు మంగళవారమే అవుతుంది, మంగళవారం ఆరున్నరకి ఏం చెయ్యాలో వాడికి తెలుసు. వాయిదాల వల్ల పోయిన వయసూ, హాస్టల్ ఫీజులూ దీంతో తిరిగి రావు, ఆ కోపం వేరే. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

ఇదంతా గది ఉన్నవాళ్లకి, తువ్వాలుని గౌరవించే ఇల్లున్నవాళ్లకి కదా అనొచ్చు. ఒప్పుకుంటాను. మా బ్రాంచిలో ఒక కొలీగ్ ఉంది, ఇద్దరు చిన్నపిల్లలు, ఇంట్లో అత్తామామలు. జేఏఐఐబీ ఇప్పుడు నాలుగు పేపర్లయింది, మా రోజుల్లో మూడే. ఆమెకి రోజూ గంట అన్నది కలలో మాట. వారానికి నాలుగు సిట్టింగులు పెట్టుకుంది. మంగళ, గురువారాల్లో బ్రాంచి మూశాక నలభై ఐదు నిమిషాలు లంచ్ రూములో. శనివారం సెలవైతే తెల్లవారుజామున ఒకటి. ఆదివారం పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లి, పిల్లల్ని వాళ్లమ్మకి అప్పజెప్పి, మేడ మీద గదిలో రెండు గంటలు. "మా అమ్మ దగ్గర చదువుతుంటే ఎవరూ ఏమీ అనరు సార్. మా ఇంట్లో అయితే ఇప్పుడెందుకమ్మా చదువులు అంటారు" అంది. మొదటి ప్రయత్నంలో రెండు పేపర్లు పోయాయి, రెండోసారి ఆ రెండూ వచ్చాయి. మేనల్లుడికి ఒక తువ్వాలు సంపాదించడానికి మా ఇంట్లో వారం పట్టింది. అదే మేనకోడలైతే? ఆమె సిట్టింగ్‌లో ఉండగా కుక్కర్ మూడో విజిల్ వేస్తే స్టవ్ ఎవరు కడతారు? మా పాప ఈ ప్రశ్న నన్ను సూటిగానే అడిగింది. దానికి ఆరు సిట్టింగులు కావాలట, వచ్చే నెల నుంచి. తువ్వాలు నీలం రంగుది కావాలట.

ఇప్పటికి తొమ్మిది వారాలైంది. నాలుగు, ఆరు, ఏడు, తొమ్మిది, ఐదు, తొమ్మిది, పది, ఎనిమిది, పది. ఐదు వచ్చిన వారం వాడికి వైరల్ ఫీవర్. అయినా ఆ ఆదివారం రాత్రి ఖాతా మూశాడు, సోమవారం ఆరున్నరకి కూర్చున్నాడు. పాత చార్టు ఇంకా అల్మారా మీదే ఉంది, దుమ్ము పట్టి.

ఇది రాస్తున్నది శనివారం పొద్దున. ఏడున్నర అవుతోంది. తలుపుకి ఎర్ర తువ్వాలు వేలాడుతోంది. వంటింట్లోంచి మా ఆవిడ, గొంతు తగ్గించి, పాల ప్యాకెట్ సంగతి అడుగుతోంది. చెప్పులెక్కడ పెట్టానో వెతుక్కోవాలి.